పావని పేరుతో వచ్చిన గౌరి

2024 వేసవి. శ్రీకాకుళంలోని ఒక డిగ్రీ కాలేజీలో కంప్యూటర్ ల్యాబ్ నా బాధ్యత. ఏటా మే నెలలో ఒక స్వచ్ఛంద సంస్థ ప్రభుత్వ బడుల్లో తొమ్మిది, పది చదివే ఆడపిల్లలకు అక్కడ ఉచితంగా కోడింగ్ క్లాసులు పెడుతుంది. పాఠం చెప్పేది నేనే. మధ్యాహ్నం కరెంటు పోయేది. తిరిగి వచ్చాక సిస్టమ్‌లన్నీ మొదటి నుంచి ఆన్ చెయ్యాలి. సాయంత్రానికి గొంతు పోయేది. ఏ ఏడు ఏ పిల్ల వచ్చిందో ముఖాలు కూడా గుర్తుండేవి కావు. అందరికీ రెండు జడలు, సంస్థవాళ్లిచ్చిన ఒకే నీలం టీషర్టు.

ఆ బ్యాచ్‌లో పావని అని ఒక పిల్ల. శ్రీకూర్మం దాటాక సముద్రపు ఒడ్డు ఊరు. హాజరు పిలిస్తే కాస్త ఆలస్యంగా పలికేది. ఒంటి వేలితో టైప్ చేసేది. ఒకరోజు లూప్ గురించి చెబుతున్నాను. లూప్ అంటే ఒకే పనిని కంప్యూటర్ చేత మళ్లీ మళ్లీ చేయించడం. ఎక్కడ ఆగాలో చెప్పకపోతే అది ఆగదు. పక్కపిల్ల స్క్రీన్ మీద అంకెలు అలాగే పరుగులు తీస్తుంటే ఆ పిల్ల బెదిరిపోయింది. పావని చెయ్యి చాపి కంట్రోల్, సి మీటలు కలిపి నొక్కేసింది. అంకెలు ఆగాయి. ఆ మీటల సంగతి నేనింకా చెప్పనే లేదు.

వరండాలోకి పిలిచి అడిగాను. తల వంచుకుంది.

"నేను పావనిని కాదు మేడమ్. గౌరిని. పోయినేడు కూడా వచ్చాను. పావని మా పిన్ని కూతురు. దానికి ఇష్టం నేదు, పేరు ఇచ్చింది."

"ఒకసారి నేర్చుకున్నావుగా, మళ్లీ ఎందుకు?"

"మరిసిపోతన్నాను మేడమ్. బళ్లో కంప్యూటర్ల గదికి తాళం. ఇంట్లో ఫోను ఒకటే, అది నాన్నతో సముద్రంలోకి పోద్ది."

ఒకసారి వచ్చినవాళ్లకు మళ్లీ సీటు లేదన్నది నియమం. సంస్థ తరఫున వ్యవహారాలు చూసే కుర్రాడు విని నిట్టూర్చాడు. "మేడమ్, వెయిటింగ్‌లో ఉన్న పిల్ల రోజూ ఫోన్ చేస్తోంది. ఆమెకు ఏం చెప్పమంటారు?" అతని మాట కాదనలేకపోయాను. గౌరిని ఇంటికి పంపేశాను. ఏడవలేదు, బతిమాలలేదు. సిస్టమ్ సరిగ్గా షట్‌డౌన్ చేసి మరీ వెళ్లింది. ఆ పూట పాఠం చెప్పబుద్ధి కాలేదు.

మర్నాడు వాళ్లమ్మ గేటు దగ్గరికొచ్చింది, వెనక గౌరి. సముద్రంలో చేపల వేట నిషేధించిన రోజులు, ఆమె గంపలో ఎండుచేపలే.

"మా గుంట ఏటి దొంగిలించింది మేడమ్మా?"

"దొంగతనం కాదమ్మా. వేరే పిల్లకు రావలసిన సీటు..."

"అయితే ఆ పిల్లకే ఇచ్చీండి. దీనికి కుర్సీ వొద్దు. ఎనకాల నిలబడి సూస్తాది. నిలబడితే ఏటి పోద్ది మీకు?"

ఆ కుర్రాడు నా వంక చూశాడు. "నిలబడకూడదని నియమం లేదులెండి" అన్నాడు.

కొత్త పిల్ల కుర్చీలో కూర్చుంది. గౌరి నెలాఖరు దాకా వరసల మధ్య తిరిగింది. ఎవరి ప్రోగ్రామ్ ఆగిపోయినా "గౌరక్కా, ఓపాలి సూడవా" అని పిలిచేవారు. తప్పు తనే సరిచేసేది కాదు, వేలితో చూపించి ఊరుకునేది. చివరి రోజు సర్టిఫికెట్లు పంచాం. గౌరికి లేదు. అందరూ వెళ్లాక నా దగ్గరికొచ్చి, "రేపట్నించి ఎలగ మేడమ్?" అంది.

మర్నాడు వెళ్లి ప్రిన్సిపాల్‌ను అడిగాను. శనివారం మధ్యాహ్నాలు ల్యాబ్ తెరిచేందుకు ఒప్పుకున్నారు, నేనక్కడే ఉండాలన్న షరతు మీద. ఆ సంగతి పాత బ్యాచ్‌ల పిల్లలందరికీ కబురు చేశాను. ఒక్కో వారం నలుగురొస్తారు, ఒక్కో వారం గౌరి ఒక్కతే. బస్సు తప్పితే ఆమె కూడా రాదు. అలాంటి రోజున ఖాళీ ల్యాబ్‌లో కూర్చుని, ఇంటిదగ్గర ఉతక్కుండా మిగిలిపోయిన బట్టల గురించి ఆలోచిస్తాను.

నేర్పడం ఒక నెల పని. నేర్చుకున్నది పిల్లల దగ్గర నిలబడాలంటే మిగతా పదకొండు నెలలూ ఎవరో ఒకరు తలుపు తెరిచి కూర్చోవాలి. దానికి గొప్ప పాఠమేమీ అక్కర్లేదు, ఓపిక కావాలి. నాకది తక్కువే. అయినా శనివారం వెళుతున్నాను.