గేటు చప్పుడైతే లేచి చూసే మేడం

పోయిన వారం మా మేడం పోయారు. పాల్వంచలో డిప్లొమా చదివేటప్పుడు మాకు మైక్రోకంట్రోలర్ చిప్‌ల పాఠం చెప్పిన మనిషి. వాళ్ళాయన ఫోన్ చేసి చెబుతుంటే నేను చెయ్యి ఆపకుండా బోర్డుకు సోల్డరింగ్ చేస్తూనే ఉన్నాను. తర్వాత చూసుకుంటే చేసిందంతా వంకరే.

వాళ్ళింటి గేటు గొళ్ళెం వదులు. గాలి వీచినా, మేక రుద్దుకున్నా టంగుమనేది. అన్నం ముందున్నా సరే, మేడం లేచి వెళ్ళి చూసి, ఎవరూ లేకపోతే వచ్చి ఆపిన ముద్ద దగ్గర మళ్ళీ మొదలుపెట్టేవారు.

"గాలికి గూడ గట్ల లేసుడేంది?" అని వాళ్ళాయన విసుక్కునేవారు.

"సూడకపోతే ఎవలు లేరని ఎట్ల తెలుస్తది?" అనేవారామె. అంత చూసే మనిషికి ఆ గొళ్ళెం బిగించే తీరిక మాత్రం ఎన్నడూ దొరకలేదు.

క్లాసులో ఇంటరప్ట్ అంటే ఏమిటో చెప్పడానికి ఆమెకు ఆ గేటే చాలింది. చిప్ తన పనిలో ఉండగా బయటి నుంచి ఒక తీగ పిలుస్తుంది. పని ఆపి వెళ్ళి చూడాలి. ఒక్కోసారి పిలిచినవాళ్ళే ఉండరు. అది ఉత్త పిలుపు.

పోయినేడు ఎండాకాలంలో, భద్రాచలం దారిలో అడవి అంచునున్న ఒక ఊరి వాగుకు, నీళ్ళొస్తే మోగే సైరన్ పెట్టాను. వాగులో దించిన తీగకు తడి తగిలితే అది చిప్‌ను పిలుస్తుంది, చిప్ సైరన్ మోగిస్తుంది. పైన అడవిలో వాన పడితే ఇక్కడ ఎండ కాస్తుండగానే వాగు వచ్చేస్తుంది. బడిపిల్లలు వాగుకు అడ్డంగా వేసిన చప్టా దాటే ఇంటికి రావాలి. నా సైరనేమో వాగు ఎండి ఉన్నా మోగేది. మొదట్లో జనం పరుగెత్తుకొచ్చారు, తర్వాత తలెత్తి చూడటం కూడా మానేశారు.

"ఉత్తగనే మొత్తుకుంటాంది, పీక్కపోండి," అన్నాడు పక్క చేను రైతు. నిజంగా నీళ్ళొచ్చిన రోజు దీన్ని ఎవరు నమ్ముతారని నాకు భయం పట్టుకుంది.

మేడంకు ఫోన్ చేశాను. "ఆ పిలుపును అసలు పట్టించుకోకుండా చేసేస్తా మేడం. గంటకోసారి చూస్తే చాలదా?"

"వాగు నీ గంట సూస్కొని వస్తదా?" అని, మర్నాడే బస్సెక్కి వచ్చారు.

నా ప్రోగ్రాం మార్పించారు. పిలుపు రాగానే సైరన్ మోగించకుండా, కాస్త ఆగి, తడి నిజంగా ఉందా అని మరోసారి చూడాలి. ఉంటే మోగించాలి. లేకపోతే ఒక చిన్న పచ్చ లైటు వెలిగించి ఆర్పి, ఆపిన పని దగ్గరికి రావాలి.

"లైటు దేనికి మేడం?"

"ఉత్తదైనా పిలుపు వచ్చింది నిజమే గద. ఎప్పుడెప్పుడు వస్తదో సూద్దాం."

చప్టా పక్కన గొడుగేసుకుని కూర్చున్నాం. పక్క చేలో మోటారు వేసినప్పుడల్లా లైటు వెలిగింది. నా తీగ మోటారు తీగను ఆనుకునే పోతోంది మరి, ఆ కరెంటు అదురే దీనికి పిలుపులా తగులుతోంది. రెండింటినీ దూరం చేశాం. నా మొహం చూసి కాబోలు, మేడం రైతుతో, "మా పిల్ల మంచిగనే పెట్టింది, తీగలే పక్కపక్కన పండుకున్నయి," అన్నారు.

వానలు మొదలయ్యాక, ఒకరోజు సాయంత్రం ఎండలోనే సైరన్ మోగింది. పిల్లలు అవతలి గట్టునే ఆగిపోయారు. కాసేపటికి ఎర్రనీళ్ళు చప్టా మీదుగా పోయాయి. సంగతి చెబితే మేడం "అవ్, మంచిగయింది," అని ఫోన్ పెట్టేశారు. నేను మాత్రం ఫోన్ పట్టుకుని ఏడ్చాను.

నిన్న వాళ్ళింటికి వెళ్ళాను. మేడం దవాఖానాలో ఉన్న రోజుల గురించి వాళ్ళాయన చెబుతున్నారు. గేటు టంగుమంది. ఆయన మాట ఆపి, టీ గ్లాసు కింద పెట్టి, లేచారు. గేటు దాకా వెళ్ళి, రోడ్డుకు రెండు వైపులా చూసి, గొళ్ళెం వేసి వచ్చారు.

"ఎవలు లేరు," అని, ఆపిన మాట దగ్గర మళ్ళీ మొదలుపెట్టారు.