మధ్యాహ్నం నీళ్లు

కొత్త నిబంధనల కాగితాన్ని ఇంజనీరు తనంతట తానే నా చేతిలో పెట్టాడు. నా అనుమానం అక్కడే మొదలైంది. పదిసార్లు తిరిగినా దొరకని కాగితాలు చూసినవాణ్ణి. అడక్కుండా వచ్చిన కాగితాన్ని నమ్మడం నాకు అలవాటు లేదు.

శంషాబాద్‌లో విమానాశ్రయం మొదలై అప్పటికి నాలుగేళ్లు. నేను ఒక దినపత్రికకు ఆ చుట్టుపక్కల వార్తలు రాసేవాణ్ణి. ఇంజనీరు రోడ్ల మధ్య మొక్కలు పెంచే ఆఫీసులో ఉండేవాడు. కోస్తా నుంచి వచ్చి హైదరాబాద్‌లో స్థిరపడిన మనిషి, మాట మెత్తన.

"ఇకనుంచి డివైడర్ మీద లాన్ ఉండదండి," అన్నాడు. "ఆ గడ్డి తాగినన్ని నీళ్లు ఇంకేదీ తాగదు. గన్నేరు, కాగితంపూలు లాంటివి వేస్తాం. ట్యాంకర్ బదులు డ్రిప్పు. తెల్లవారుజామున గంటసేపు వదిలితే చాలు. ఎండలో నీళ్లు పెట్టడం పూర్తిగా నిషేధం. రాసుకోండి."

రాసుకున్నాను. ఆరాంఘర్ దాటాక ఒక కిలోమీటరు మేర అప్పటికే పాత గడ్డి తీసేసి, కొత్త మొక్కలు నాటి, సన్నటి నల్ల పైపులు పరిచారట. అక్కడ బాగా నడిస్తే మిగతా రోడ్లన్నిటికీ అవే నిబంధనలు. ఆ ఏడు చుట్టుపక్కల ఊళ్లలో బోర్లు ఒక్కొక్కటే ఎండిపోతున్నాయి. మంఖాల్ వైపు ట్యాంకర్ వస్తుందంటే పొద్దున్నుంచే బిందెలు వరస కట్టేవి. కాబట్టి కాగితంలో ఉన్నది మంచిమాటే. మంచిమాట గనుకనే వెళ్లి చూడాలనుకున్నాను.

మొదటి రోజు ఒంటిగంటకు వెళ్లాను. ఎండ మాడ్చేస్తోంది. డివైడర్‌ను ఆనుకుని నీళ్ల ట్యాంకర్ ఆగి ఉంది. నలభై దాటిన ఒకామె, చీర మీద ఆకుపచ్చ కోటు వేసుకుని, ట్యాంకర్ గొట్టం పట్టుకుని నీళ్లు కొడుతోంది. మొక్కల మొదళ్లలో పోయడం లేదు. మొక్కకూ మొక్కకూ మధ్య ఉన్న ఎండుటాకుల మీద, ఖాళీ మట్టి మీద పోస్తోంది. ఫోటో తీసుకున్నాను.

రెండో రోజూ అదే వేళ, అదే ట్యాంకర్, అదే మనిషి. ఇక నాకు సందేహం లేకపోయింది. పైపులు పేరుకే పరిచారు, వాటిలో నీళ్లు రావు. ఆ సాయంత్రమే అలా వార్త రాసి, గొట్టం పట్టుకున్న ఆమె ఫోటో జతచేసి పంపాను. ముఖం స్పష్టంగా కనిపించే ఫోటో. తొందరేమీ లేదు గనుక ఆదివారం పేజీలో వేస్తామన్నారు డెస్క్‌వాళ్లు. మధ్యలో మూడు రోజులున్నాయి.

పంపిన తర్వాత గుర్తొచ్చింది. పైపుల్లో నీళ్లు రావని రాశానే గానీ, అవి వచ్చే వేళకు వెళ్లి చూడలేదు. మర్నాడు తెల్లవారకముందే వెళ్లాను. పైపులు పనిచేస్తున్నాయి. ఎండుటాకులు పక్కకు తీస్తే ప్రతి మొక్క మొదట్లో చుక్క తర్వాత చుక్క పడుతోంది. గంటకు ఆగిపోయింది. ఆకులు మళ్లీ కప్పితే పైకి అంతా పొడిగానే కనిపించింది.

అంటే మొక్కలకు నీళ్లు అందుతున్నాయి. మరి ట్యాంకర్ దేనికి? అనుమానం తగ్గకపోగా ఇంకో దారి పట్టింది. సగం నీళ్లు ఇక్కడ చల్లి సగం ఏ హోటల్‌కో పోస్తున్నారనుకున్నాను. ఆ మధ్యాహ్నం బండి మీద ట్యాంకర్ వెనకే తిరిగాను. బోరు దగ్గర నిండింది. నేరుగా డివైడర్ దగ్గరికి వచ్చింది. చివరి చుక్క దాకా అక్కడే ఖాళీ అయి వెళ్లిపోయింది. దొంగతనం లేదు, అవసరమూ లేదు. ఇలాంటిది నేనెప్పుడూ చూడలేదు. బండి పక్కన పెట్టి ఆమె దగ్గరికి నడిచాను.

నేను నోరు తెరవకముందే ఆమె అడిగింది. "ఏంది సారూ, మూడు దినాలసంది చూస్తున్న. గీడనే తిరుగుతున్నవ్. ఫోటువ గూడ తీసినవ్. ఎవల మనిషివి నువ్వు?"

"పేపర్ మనిషినక్కా."

"పేపరోళ్లు లీడర్ల ఎంబడి తిరుగుతరు గని ట్యాంకర్ ఎంబడి తిరుగుతరా? మేస్త్రి తోలిండా నిన్ను?"

"మేస్త్రి ఎవరో కూడా నాకు తెలియదు. పొద్దున పైపుల్లో నీళ్లొచ్చినయ్ గదా, మళ్లీ ఇప్పుడెందుకు పోస్తున్నవ్?"

"ఎందుకు, మొక్కలు చెప్పినయా నీకు దూప లేదని?"

అంటూనే ఆరాంఘర్ వైపు రోడ్డు చూసింది. "జర పక్కకు జరుగు. ఆయనొచ్చే యాళ్లయింది."

నా బండి దగ్గరికి వెళ్లి నిలబడ్డాను. కాసేపటికి ఒకతను మోటార్‌సైకిల్ మీద వచ్చాడు. కాంట్రాక్టరు తరఫున కూలీల హాజరు వేసే మేస్త్రి. బండి ఆపాడు గానీ దిగలేదు. తడిసిన మట్టిని ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒకసారి చూశాడు. జేబులోంచి పొడుగాటి పుస్తకం తీసి టిక్కు పెట్టుకుని వెళ్లిపోయాడు. ఆమెతో ఒక్క మాట మాట్లాడలేదు, ఆమె వైపు చూసినట్టు కూడా లేదు.

"చూసినవా?" అంది ఆమె. "మట్టి నల్లగుంటె నేనొచ్చినట్టు, తెల్లగుంటె రానట్టు. పైపులు రాకముందు మంచిగుండె. ఇప్పుడు పొద్దుగాల ఆ కొసకు పైపు విప్పేది గూడ నేనే, గని అది కిందికెల్లి తడుపుతది, పైన చూస్తే ఎండినట్టే ఉంటది. పోయిన నెల నేను ఆ కొసకు కూసొని కలుపు తీస్తున్న. ఈ కొసకు చూసి గైర్‌హాజర్ రాసిండు. రెండుమార్లు. ఇంకోపారి రాస్తె ఇగ రావొద్దన్నడు. మా ఊరికెల్లి ముగ్గురం వస్తుంటిమి. ఇద్దర్ని గట్లనే తీసేసిండు."

"ట్యాంకర్ రావొద్దని ఆఫీసు చెప్పలేదా?"

"ఎవలు చెప్తరు? ఆ డ్రైవర్ ట్రిప్పు గూడ గీ నల్లమట్టి చూసే రాస్తరు. ఆయన రాకుంటె నేనే బతిలాడి పిలుచుకుంట."

"ఎండలో నీళ్లు పోస్తే మొక్కలకు మంచిది కాదేమో."

"చేను చేసినదాన్ని, నాకు తెల్వదా? అందుకే మొదట్ల పొయ్య, నడుమ పోస్త." మళ్లీ తనే అడిగింది. "నా ఫోటువ పేపర్ల వస్తదా?"

రాకుండా చూస్తానన్నాను.

రోడ్డు మీద నుంచే డెస్క్ ఇన్‌చార్జికి ఫోన్ చేసి ఆ వార్త ఆపమన్నాను.

"నిన్న అంత ఘాటుగా రాశారు," అన్నాడు. "ఇప్పుడు ఆపమంటున్నారు. కాంట్రాక్టరు కలిశాడా?"

"ఎవరూ కలవలేదు. నేను పొరపాటు రాశాను. ఆ ఫోటో వస్తే ఒక మనిషి పని పోతుంది. మళ్లీ రాసి పంపుతాను."

"పంపండి. రెండోది మెత్తగా ఉందనుకోండి, నేను మొదటిదే వేస్తాను. ఫోటోతో సహా."

అతన్ని తప్పుపట్టలేను. అతని కుర్చీలో నేనున్నా అదే అనేవాణ్ణి.

శనివారం ఉదయం ఇంజనీరు ఆఫీసుకెళ్లి, ఆ నిబంధనల కాగితాలను అతని ముందే ఒక్కో పేజీ తిప్పాను. ఏ మొక్క నాటాలి, ఎంత దూరంలో నాటాలి, పైపు ఎంత లావుండాలి, ఎన్నింటికి విప్పాలి, అన్నీ ఉన్నాయి. పనిచేసేవాళ్లు పని చేశారో లేదో ఎలా చూడాలో మాత్రం ఎక్కడా లేదు.

"హాజరు కాంట్రాక్టరు చూసుకుంటాడండి. మా పరిధిలోకి రాదు."

"మీ డ్రిప్పు మీద రోజూ మధ్యాహ్నం ట్యాంకర్ నీళ్లు పడుతున్నాయి. పాత నీళ్లు పాతవే, వాటి మీద ఇప్పుడు మీ పైపు నీళ్లు అదనం."

అతని మాటలో మెత్తదనం తగ్గలేదు. కాగితం వెనక్కి తిప్పి పెన్ను తీశాడు. "పోస్తున్న మనిషి ఎవరండి? పేరు చెప్పండి, వెంటనే చర్య తీసుకుంటాం."

పేరు నాకు తెలియదన్నాను. నిజంగానే నేను అడగలేదు.

మధ్యాహ్నానికల్లా వార్త మళ్లీ రాశాను. నీళ్లు మిగల్చడానికి వచ్చిన నిబంధనలు నీళ్లు ఇంకా ఎక్కువ ఎందుకు పారిస్తున్నాయో, బండి దిగకుండా హాజరు ఎలా పడుతోందో రాశాను. ఆదివారం అదే వచ్చింది. ఆమె ఫోటో ఉండాల్సిన చోట నల్ల పైపుల ఫోటో ఉంది.

నాలుగు రోజులకు ఇంజనీరే ఫోన్ చేశాడు. నిబంధనల్లో ఒక వాక్యం చేర్చారట. మేస్త్రి ఆకులు తొలగించి, మొక్క మొదట్లో వేలు పెట్టి, తేమ చూశాకే హాజరు వేయాలి. మధ్యాహ్నం ట్యాంకర్ బంద్. అంత తేలిగ్గా ఒప్పుకున్నారంటే నాకు మింగుడుపడలేదు. మర్నాడు ఒంటిగంటకు మళ్లీ వెళ్లాను.

ట్యాంకర్ లేదు. మేస్త్రి వచ్చాడు. గొణుక్కుంటూ బండి దిగాడు. ఆమె ఒక గన్నేరు మొక్క దగ్గర ఆకులు పక్కకు నెట్టింది.

"గీడ పెట్టు అన్నా."

పెట్టాడు. "తడి ఉన్నది లే."

"గట్లయితే రాయి."

"రాస్త, ఆగరాదు. నేనేడికి పోతున్న?"

"నా ముంగట రాయి. చూస్త."

టిక్కు పెట్టాడు. ఆమె మెడ సాచి పుస్తకంలో ఆ గీత పడిందాకా చూసింది. అతను వేలు ప్యాంటుకు తుడుచుకుని వెళ్లిపోయాడు.

బండి కనుమరుగయ్యాక ఆమె పొదల వెనక నుంచి ఒక నీళ్ల బకెట్ బయటికి తీసింది. రోడ్డు వైపు వరసలో ఓ పది మొక్కల మధ్య ఆకుల మీద చేత్తో నీళ్లు చిలకరించడం మొదలుపెట్టింది.

"మళ్లీ ఇదేందక్కా? ఆయన వేలు పెట్టి చూసిండు గదా."

"ఆయన చూసిండు. ఎయిర్‌పోర్ట్‌కు కార్లల్ల పోయే పెద్ద సార్లు దిగి వేలు పెడ్తరా? మొక్కలు ఎండిపోతున్నయని ఒక్కడు ఫోన్ కొడ్తె ఇంజనీర్ మేస్త్రి మీద పడ్తడు, మేస్త్రి నా మీద పడ్తడు." చెయ్యి ఆపి నా వైపు తిరిగింది. "ఇది గూడ రాస్తవా?"

"రాయను."

ఆమె నమ్మలేదు. బకెట్ కింద పెట్టి, నేను బండెక్కి వెళ్లిపోయేదాకా కదలకుండా నా వైపే చూస్తూ నిలబడింది.