ఎం.ఏ. హిస్టరీ, ఆవుల శాఖ

మా కాలేజీలో హిస్టరీకి వచ్చే పిల్లలు మూడు రకాలు. కంప్యూటర్స్‌లో సీటు రానివాళ్లు, కామర్స్‌లో సీటు రానివాళ్లు, ఇంటర్నెట్ సెంటర్ వాడు తప్పు గడి నొక్కితే వచ్చి పడ్డవాళ్లు. మదనపల్లెలో ఇరవై రెండేళ్లుగా ఈ మూడు రకాలకే పాఠం చెబుతున్నాను. కోరి వచ్చిన పిల్ల నాకు గుర్తున్నంతలో ఒక్కతే. పేరు మునీశ్వరి, ఊరు పుంగనూరు.

మొదటి రోజు క్లాసులో "ఈ గ్రూపు ఎందుకు తీసుకున్నావమ్మా?" అని అడిగాను.

"ఇష్టమై తీసుకున్నా సార్" అంది.

నాకు అనుమానం వచ్చి మార్కుల జాబితా తెప్పించి చూశాను. మంచి మార్కులే ఉన్నాయి. దాంతో అనుమానం ఇంకా పెరిగింది.

వాళ్ల నాన్న బైరప్ప మదనపల్లెలో ఒక ప్రభుత్వ ఆఫీసులో అటెండరు. తాత కూలికి పోయేవాడు. బైరప్ప తంటాలు పడి జీతంలోకి వచ్చాడు. ముప్పై ఏళ్లుగా ఈ బల్ల మీది ఫైలు ఆ బల్ల మీదికి మోస్తున్నాడు. సంతకం చేయడం తప్ప వేరే చదువు రాదు. జీతం విలువ ఒంటికి పట్టిన మనిషి కాబట్టి ఏ చదువునైనా జీతంతోనే తూస్తాడు. అందులో నేను తప్పు పట్టను. నా కోపమంతా పక్కన నిలబడి తక్కెడను కాలితో తొక్కేవాళ్ల మీద.

బైరప్ప పక్కింటి పురుషోత్తం ఆ బాపతు. అప్పట్లో ఆయనకు ఎరువుల అంగడి ఉండేది.

"ఏం బైరప్పా, కూతుర్ని హిస్టరీలో ఏసినావంట? చచ్చినోళ్ల పేర్లు బట్టీ పట్టి బతికినోళ్లను యాడన్నా సూసినావా? మా గంగాధర్‌ని సూడు, ఇంజనీరింగు" అని వీధి వీధంతా వినేట్టు అన్నాడు.

ఆ గంగాధర్ ఇంజనీరింగు అయిదేళ్లకు పూర్తి చేసి, బెంగళూరులో మూడేళ్లు ఉద్యోగాలు వెతికి, తిరిగి పుంగనూరు చేరాడు. వీధిలో ఎవరూ నోరెత్తలేదు. ఇంజనీరు ఖాళీగా ఉంటే కాలం బాగాలేదంటారు. బి.ఏ. పిల్ల ఖాళీగా ఉంటే చదువు బాగాలేదంటారు.

మునీశ్వరి ఎం.ఏ. కుప్పంలో చేసింది. ప్రాజెక్టు కోసం శాంతిపురం చుట్టుపక్కల పల్లెల్లో తిరిగి, జనం నూనె, పసుపు పూసి మొక్కుతున్న పాత రాళ్లను ఒక్కొక్కటే తుడిచి, వాటి మీది రాతలు ఎత్తి రాసుకుంది. అక్కడి పంతుళ్లు ఆమెకు ఒకే నియమం నేర్పించారట. చూసింది చూసినట్టు రాయి, విన్నదైతే విన్నానని రాయి, తెలియనిది తెలియదని రాయి. నేను కూడా క్లాసులో అదే చెప్పేవాణ్ణి. కాకపోతే నాది సిలబస్ కోసం చెప్పడం, ఆమెది నమ్మడం.

పట్టా పుచ్చుకుని ఇంటికి వచ్చి రెండేళ్లు నోటిఫికేషన్ల కోసం కూర్చుంది. చదువంతా ఏట్లో పిసికిన చింతపండయిందని పురుషోత్తం గేటు దగ్గరే తీర్పు చెప్పాడు. ఈ లోపు చెల్లెలు అశ్విని ఇంటర్ రెండో ఏడుకు వచ్చింది. డిగ్రీలో ఇప్పుడు మేజర్ అని ఒక సబ్జెక్టు ఎంచుకోవాలి కదా, తనకూ హిస్టరీయే కావాలని మొండికేసింది. బైరప్ప ఇద్దరినీ ఎదురుగా కూర్చోబెట్టి ఒకే మాట చెప్పాడు.

"నువ్వు డిగ్రీలో చేరే నాటికి మీ యక్క ఆ సదువుతో నెల జీతం తెస్తా ఉంటే, నువ్వూ అదే సదువుకో మ్మా. తేకుంటే కంప్యూటరు. ఇంగ మాట్లాడొద్దు."

అలా చెల్లెలి చదువు అక్క జీతానికి ముడిపడింది. దాచడమెందుకు, నా బతుకూ కొంత దానికే ముడిపడింది. పదిమంది చేరకపోతే హిస్టరీ మేజర్ ఎత్తేస్తామని మా యాజమాన్యం అప్పటికే నాకు చెప్పింది.

జీతం ఎక్కడినుంచి వచ్చిందో వింటే నవ్వుతారు. పురుషోత్తం దగ్గరినుంచే వచ్చింది.

ఇంట్లో పుంగనూరు ఆవును పెంచుకోవడం ఇప్పుడు పెద్ద ఊళ్ల డబ్బున్నవాళ్లకు కొత్త మోజు. మూడడుగులు దాటని ఆవు సోఫా పక్కన నిలబడితే లక్ష్మి నట్టింట్లో ఉన్నట్టేనట. పురుషోత్తం ఎరువులు మానేసి ఊరి బయట గోశాల పెట్టాడు. అందులో నికార్సయిన పుంగనూరు ఆవులు నాలుగు. అవి చూపడానికే గాని అమ్మడానికి కాదు. అమ్మేవి కలకడ వైపునుంచీ గంగవరం వైపునుంచీ లారీలో దిగిన సంకర జాతి పెయ్యదూడలు. దూడలన్నాక పొట్టిగానే ఉంటాయి. వాటికి షాంపూ పెట్టి కడగడం, మెడకు మువ్వలు కట్టడం, ఫోన్లో వీడియోలు తీయడం ఇంజనీరు గంగాధర్ పని.

అయినా బెంగళూరు వాళ్లు కాగితం అడుగుతున్నారు. ఆవు వంశం కావాలట. తమ ముత్తాత పేరు తెలియనివాళ్లకు ఆవు ముత్తవ్వ పేరు కావాలి. అప్పుడు పురుషోత్తానికి చరిత్ర గుర్తొచ్చింది.

"మునీశ్వరమ్మా, నీ సదువుకు తగిన పని నా కాడ ఉండాది. ఒక్కో ఆవుకు ఒక్కో వంశ పత్రం. మన పుంగనూరు జమీందారు మంద నుంచి ఏడు తరాలు రాయల్ల. కింద నీ పేరు, ఎం.ఏ. హిస్టరీ అని. నెలకు పద్దెనిమిది వేలు" అన్నాడు.

మునీశ్వరి బస్సెక్కి నా దగ్గరికి వచ్చింది. ఏం చేయాలని అడిగింది. నేనేం చెప్పానో చెప్పడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది. "రాసేయమ్మా. ఏడు తరాలేం ఖర్మ, తొమ్మిది రాయి. ఆవు వచ్చి కాదంటుందా? చెల్లెలి సీటు నిలబడుతుంది, నా సెక్షనూ నిలబడుతుంది" అన్నాను.

"కుప్పంలో మాకు చెప్పింది అది కాదు గదా సార్."

"నేను చెప్పింది?"

"మీరు చెప్పింది గూడా అది కాదు సార్" అని, టీ పూర్తిగా తాగకుండానే వెళ్లిపోయింది.

అయినా దసరా తర్వాత పనిలో చేరింది. లారీ డ్రైవరును కూర్చోబెట్టి ఏ దూడ ఏ ఊళ్లో కొన్నారో రాసుకుంది. ఫోన్ చేసి, అమ్మినవాళ్లను తల్లి ఏది, తండ్రి ఏదని అడిగింది. అప్పుడు పత్రాలు రాసింది. చుట్టూ బంగారు రంగు అంచు, పైన ఆవు బొమ్మ, మధ్యలో తేట తెలుగు. ఒకటి నేను తర్వాత చూశాను.

"ఈ పెయ్యదూడ వయసు ఏడు నెలలు. కలకడ దగ్గరి పల్లెలో కొన్నారు. తల్లి సంకర జాతి ఆవు అని అమ్మినవారు చెప్పారు. తండ్రి ఎవరో తెలియదు. జమీందారు మందతో సంబంధానికి ఆధారం దొరకలేదు. ఇది పుంగనూరు జాతి అని చెప్పలేము. ఇది ఇంకా పెరుగుతుంది."

దొంగచాటుగా చేసిన పని కాదు. ప్రతి పత్రాన్నీ పురుషోత్తం ముందు పెట్టింది. ఆయన అంచు చూశాడు, బొమ్మ చూశాడు, కాగితం మందం వేళ్లతో నలిపి చూశాడు.

"అంతా రాసినావా మ్మా?"

"తెలిసినంత వరకు అంతా రాసినానప్పా. ఒగసారి సదవండి."

"నువ్వు సదివినావు గదా, చాల్లే" అని సంతకం గీకి, ముద్ర గుద్దాడు.

అట్లా ముప్పై ఒక్క పత్రాలు పోయాయి. కొన్నవాళ్లలో ఒక్కరు చదివితే ఒట్టు. అద్దం కట్టించారు, పసుపు కుంకుమ పెట్టారు, హాల్లో తగిలించి కింద నిలబడి ఫోటోలు దిగారు. ఎద్దు ఈనిందంటే గాటన కట్టెయ్యమనే జనం మన దగ్గరే ఉన్నారనుకునేవాణ్ణి. అద్దాల మేడల్లోనే ఎక్కువని అప్పుడు తెలిసింది.

చదివింది చివరికి ఒక ముసలామె. బెంగళూరులో హేమలత అనే ఆమె కార్తీకంలో గృహప్రవేశానికి ఒక దూడను కొన్నది. ముందు ఆవు అడుగు పెట్టాలి కదా. లిఫ్టులో నాలుగో అంతస్తుకు తీసుకుపోయి, ముద్దుగా ఉందని బాల్కనీలోనే ఉంచుకున్నారు. జూన్ వచ్చేసరికి అది లిఫ్టులో పట్టలేదు. మెట్ల దగ్గర నిలబెడితే దిగనని భీష్మించుకుంది. అంబా అంటే అపార్టుమెంటంతా అదురుతోంది. వాచ్‌మన్లు, పశువుల డాక్టరు తాళ్లు కట్టి ముందుకూ వెనక్కూ గుంజుతుంటే, ఆమె అత్త యశోదమ్మ కుర్చీలో కూర్చుని, ఏమీ తోచక, అద్దాలు పెట్టుకుని గోడ మీది పత్రం పైకి చదివింది.

"ఇది ఇంకా పెరుగుతుంది అని రాసే ఉండారు గదమ్మా హేమా! ఎనిమిది నెలలుగా దీనికి హారతి ఇస్తాండావే!"

మర్నాడే హేమలత లాయరును వెంటబెట్టుకుని పుంగనూరు దిగింది. మోసం కేసు పెడతానంది. లాయరు పత్రం రెండుసార్లు చదివి, నిట్టూర్చి, మడిచి ఆమె చేతికిచ్చాడు. "అమ్మా, ఇందులో అన్నీ ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి. పుంగనూరు జాతి అని చెప్పలేమని కూడా ఉంది. దీనితో కేసు ఎలా నిలబడుతుంది?" అన్నాడు. ఏడు తరాలు రాసి ఉంటే పురుషోత్తం ఆ సాయంత్రం స్టేషన్లో ఉండేవాడు. నేను తొమ్మిది రాయమన్నాను కదా, నేనూ పక్కనే ఉండేవాణ్ణేమో.

హేమలత కారు వెళ్లగానే పురుషోత్తం మునీశ్వరి మీద పడ్డాడు. "నా తిండి తిని నా మీదనే రాస్తివే!"

"మీ ముందరే పెట్టినా గదప్పా. సదవమంటి. సంతకం మీదే."

"నేను సదవనని తెలిసే రాసినావు! రేపటి నుంచి రావద్దు."

అడ్మిషన్లు ముగియడానికి నాలుగు రోజులున్నాయి. జీతం పోయింది, అశ్విని సీటూ పోయినట్టే. నా జాబితాలో తొమ్మిది పేర్లున్నాయి.

ఆదివారం పొద్దున అశ్విని అప్లికేషన్ పట్టుకుని బైరప్ప ఇంటికి పోయాను. చదువు మీద ప్రేమతో పోయానని రాసుకోవచ్చు, కానీ పదో పేరు కోసమే పోయాను. బైరప్ప భార్య గంగులమ్మ కాఫీ ఇచ్చి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గడప దగ్గర నిలబడింది. ఆమె కళ్లు భర్త మీదే ఉన్నాయి. అశ్విని గోడకానుకుని ఏడుపు బిగబట్టుకుంది.

బైరప్ప పెద్ద కూతుర్ని పిలిచి ఒక వంశ పత్రం నకలు చదవమన్నాడు. ఆమె చదివింది. ఆయన నకలు తీసుకుని జాగ్రత్తగా మడిచి నా వైపు తిరిగాడు.

"ముప్పై ఏండ్లు కాయితాలు మోసినా సార్. సంతకాలు పెట్టేటోళ్లను వందమందిని సూసినా. సదివి పెట్టేటోణ్ణి ఒగణ్ణే సూసినా. ఆయప్పకు ఆర్నెల్లకే ట్రాన్స్‌ఫరు. మా పాపను తీసెయ్యడానికి ఎనిమిది నెలలు పట్టింది, మేలే" అన్నాడు. ఆ గొంతులో గర్వమే ఉందని నాకు స్పష్టంగా తెలిసింది, ఆయనకే తెలిసిందో లేదో.

నేను అదను చూసి కాగితాలు ముందుకు జరిపాను. "తండ్రి సంతకం ఇక్కడ బైరప్పా, ఈ హామీ పత్రం కింద."

ఆయన పెన్ను తీసుకోలేదు. "అశ్వినీ, సదువు మ్మా. మొదుట్నుంచి."

ఇరవై రెండేళ్లుగా ఆ హామీ పత్రం మీద వందలమంది తండ్రుల చేత సంతకాలు పెట్టించాను. అందులో ఏముందో ఒక్కసారీ చూడలేదు. అశ్విని ఒక్కో వాక్యం చదువుతూ ఏడో అంశానికి వచ్చి ఆగింది.

"సదువు."

"ఈ కోర్సు పూర్తి చేసినందువల్ల ఉద్యోగం వస్తుందని కళాశాల ఎటువంటి హామీ ఇవ్వదు."

బైరప్ప నా వైపు చూశాడు. నేను కాఫీ గ్లాసు వైపు చూశాను.

"ఇది అన్ని సదువులకూ ఉంటాదా సార్, దీనికేనా?"

"అన్నిటికీ ఒకే కాగితం బైరప్పా. కంప్యూటర్స్‌కూ ఇదే" అన్నాను. అబద్ధం కాదు. ఫారం పైన అన్ని కోర్సుల పేర్లూ ఉన్నాయి.

బైరప్ప పెన్ను అడిగి తీసుకుని సంతకం చేశాడు.