సల్లారనియ్యని పొయ్యి

మా అవ్వకు, అంటె మమ్ముల కన్న అమ్మకు, దమ్ము. కూసున్నా ఎగపోసుడే, నిలవడ్డా ఎగపోసుడే. రొమ్ములకెళ్లి పిల్లికూతలు ఇనవడుతుంటె నాకు పానం మీదికొచ్చేది. సిద్దిపేట దవాఖానల డాక్టరు మందు రాసిచ్చి, "పొయ్యి కాడ కూసునుడు బందువెట్టు, లేకుంటె ఈ మందు దండుగ" అన్నడు. "మరి అన్నం ఎవలొండుతరు సారూ, నువ్వొస్తవా?" అని అడిగింది అవ్వ. డాక్టరు నవ్విండు. నాకైతె నవ్వు రాలే. మా ఇంటికి ఉన్నదే ఒక్క అర్ర. నేనొండినా ఆమె ఒండినా ఆ పొగ ఇద్దరం మింగాల్సిందే.

ఇది ఎనభైల చివర్ల ముచ్చట. బాపు పోయి చాన ఏండ్లయింది. అక్కను చంద్లాపూర్ దిక్కు ఒక ఊరికిచ్చినం. అవ్వ, నేను బీడీలు చేసుకుంట ఊరి అంచుల ఒక పెంకుటింట్ల ఉండేటోళ్లం.

గప్పుడే సర్కారు పొగరాని పొయ్యిలు ఇస్తున్నదని మా వాడకు కాంట్రాక్టర్ మనిషి ఒకడు మేస్త్రిని తోలుకొని వచ్చిండు. మేస్త్రి వస్తనే గడ్డపారతోని మా పాత పొయ్యిని పలగ్గొట్టిండు. పాతది ఉంటె ఆడోళ్లు కొత్తది ముట్టరట, పైనుంచి ఆర్డరట! ఇటుకలు, సిమెంటుతోని రెండు కండ్ల పొయ్యి కట్టిండు. దాని ఎనుక గొట్టం వెట్టనీకి ఒక బొక్క, మీద పెంకలు తీసి ఇంటి కప్పుకు ఇంకో బొక్క. "గొట్టమేది?" అంటె "ఎనుక వస్తది" అన్నడు. మళ్ల మొకం జూపియ్యలే.

గొట్టం లేని ఆ పొయ్యి ఎంత నరకమో అండ్ల వండినోళ్లకే తెలుసు. ఎనుక బొక్కలకెళ్లి పొగ బుస్సున లేసేది. బొక్కకు పెంకు అడ్డం వెడితె పొయ్యి నోట్లకెళ్లి మా మొకాల మీదికే కొట్టేది. పాత పొయ్యి గూడ పొగ వెట్టేదే, గని గిట్ల పగవట్టినట్టు వెట్టకపోయేది. కప్పు బొక్కకు గోనెసంచి కట్టినం. ఆ ఎండకాలం అవ్వ సగం ముద్ద తిని, ఇంకో సగానికి ఊపిరి సాలక పల్లెం జరిపేది.

నాకు ఒళ్లు మండి సర్కారు ఆఫీసుకు పోయిన. ఆడ కుర్సీల కూసున్నాయిన "మీ వాడల పని అయిపోయింది గదమ్మా" అన్నడు.

"అయిపోతె మా కండ్లెందుకు మండుతున్నయ్ సారూ?" అన్న.

"గదంత నాకెర్కలేదు, కాంట్రాక్టర్‌కు పైసలు సుత ఇచ్చేసినం" అని పంకా దిక్కు జూసిండు. పంకా తిరుగుతున్నది, ఆయనకు పొగ ఏడిది!

కొన్ని దినాలకు పట్నం నుంచి పెద్దసారు వచ్చి పొయ్యిలు జూస్తడని కబురొచ్చింది. సారు వచ్చే పొద్దుగాల ట్రాక్టర్ నిండ సిమెంటు గొట్టాలు దిగినయ్. కాంట్రాక్టర్ మనుషులు ఉరుకులు వెట్టుకుంట ఇంటింటికి బిగించిన్రు. అవ్వ కట్టెపుల్ల ముట్టించింది. పొగ గొట్టంలకెళ్లి గుబగుబ మీదికి పోయింది. ఇంట్ల పొగ ఒక్క పోగు లేదు. మా ఇంటి దూలం మీద బొద్దింకలు తిరుగుతయని నేను గా దినమే జూసిన.

పెద్దసారు జీపుల వచ్చిండు. మంచిగనె మాట్లాడిండు, పాపం. వంగి పొయ్యిలకు జూసిండు, అవ్వ పక్కపొంటి నిలవడి ఫోటో దిగిండు. "ఇప్పుడెట్లుందమ్మా?" అంటె అవ్వ "సల్లగున్న సారూ" అన్నది. అబద్ధం గాదు. వంట అయిపోయినంక సుత ఆమె పొయ్యి కాడికెళ్లి లేవలే. ఉత్తగనె కూసున్నది. ఊపిరి తీసుకుంటున్నది, ఇడుస్తున్నది. నాకు ఏడుపొచ్చింది.

జీపు లేపిన దుమ్ము ఇంక దిగనే లేదు, ట్రాక్టర్ మళ్ల వాడ మొదల్ల ఆగింది. ఇద్దరు మనుషులు మొదటి ఇంటి మీదికెక్కి గొట్టం పీకుతున్నరు! ఆ ఇంటామె కూలికి పోయింది, అడిగేటోళ్లు లేరు. పక్కింటిది సుత పీకిన్రు. మూడోది మా ఇల్లు. నేను దర్వాజల అడ్డం నిలవడి "ఏందిరా గిది?" అని ఒర్రిన.

కాంట్రాక్టర్ మనిషి నెమ్మదిగనె చెప్పిండు. "ఇవి చూపెట్టనీకి తెచ్చినయ్ చెల్లే. మీయి ఎనుక వస్తయ్. రేపు పొద్దుగాల సారు ఇంకో ఊరు జూస్తడు, అక్కడ బిగించాలె." ఊరి పేరు చెప్పిండు. అది మా అక్క ఊరు.

అక్క సుత గదే పొగల, సంటిపిల్లను ఒళ్లె వెట్టుకొని వండుతున్నది. ఇగ అవ్వ గొట్టం ఇచ్చేస్తదనుకున్న. బిడ్డ కోసమని అడిగితె కన్నతల్లి కాదంటదా?

అవ్వ కూసున్న కాడికెళ్లే అడిగింది. "గాడ ఎన్ని దినాలుంచుతరు కొడుకా?"

"సారు పోంగనే తీస్తం. మర్నాడు ఇంకో ఊరుంటది గదా."

"అంటె నా బిడ్డకు సుత ఉండదన్నట్టు."

అవ్వ కందికట్టె కట్ట విప్పి పొయ్యిల కుక్కింది. మంట భగ్గుమన్నది. మా ఇంటి మీదికెక్కినోడు గొట్టానికి చెయ్యి తలిగించి "అవ్వో!" అని గుంజుకున్నడు.

గప్పుడు నాకు సమజయింది. వాడ పొంటి ఉరికిన. "పొయ్యిలు ఆర్పకున్రి! గొట్టాలు ఎత్కపోతున్నరు!" పెద్దమ్మలు, వదినెలు చేసే బీడీలు చాటల్నే ఇడిసి లేసిన్రు. ఒకామె కాగు నిండ నీళ్లు వెట్టింది. ఒకామె శనగ గుడాలు ఉడకనీకి ఎక్కిచ్చింది. మా ఎదురింటి వదినె ఏం దొరకక మొగనికి రెండోసారి తానం నీళ్లు కాగవెట్టింది. ఆయన "పొద్దుగాల చేసిన గదనే!" అంటె, "మళ్ల చెయ్యి, సచ్చిపోవు" అన్నది. వాడ మీద ఏ గొట్టం జూసినా పొగే.

వాళ్లు బెదిరిచ్చిన్రు. సర్కారు సామాను దాసుకుంటె పోలీసులొస్తరన్నరు, రేషన్ కార్డులు కట్ అయితయన్నరు. నా నోరు ఆగలే. "రమ్మను! పొయ్యి ముట్టిస్తె జైలనే కానూన్ ఉన్నదా, జూపియ్యి!" ఒకడు బకెట్ల నీళ్లు తెచ్చి ఎదురింటి వేడి గొట్టం మీద గుమ్మరిచ్చిండు. ఫట్ మని పలిగింది, ముక్కలు పెంకల మీద జారినయ్. వదినె తిట్టిన తిట్లు రాయనీకి రావు. కాంట్రాక్టర్ మనిషి నెత్తి కొట్టుకున్నడు. పలిగిన గొట్టం వాళ్లకు సుత దండుగే గద. పొద్దుగుంకినదాంక జూసిండు. మా ఇంట్ల కట్టె ఒడిసి, బీడీ ఆకు చెత్త, ఇరిగిన పీట సుత పొయ్యిల పడ్డయ్. ఆఖరికి ఆ రెండు గొట్టాలే ఏసుకొని ట్రాక్టర్ పోయింది.

వదినెలు నవ్వుకుంట ఇండ్లకు పోయిన్రు. అవ్వ నవ్వలే. "నేను గొట్టం కింద కూసున్న, నా బిడ్డ పొగల కూసున్నది" అన్నది. నిద్రవోలేదు. నేను పోలీసులకు భయపడ్డ, ఆమె అక్క మొకం ఎట్ల జూడాల్నని భయపడ్డది.

మర్నాడు పగటిపూట అక్క సంటిపిల్లను సంకనేసుకొని బస్సు దిగింది. కండ్లు ఎర్రగున్నయ్. అవ్వ లేవబోయి, తప్పు చేసినట్టు మళ్ల కూసున్నది. అక్క నీళ్లు సుత తాగకుండ చెప్పింది.

వాళ్ల ఊర్ల మొదటి రెండిండ్లకు గొట్టాలు బిగించి, సారుకు గవే జూపిచ్చి మళ్లిద్దామనుకున్నరట. అక్క ఇంటి కప్పులకెళ్లి పొగ కమ్ముతుంటె సారు కండ్లవడ్డది. ఎవలు ఆపినా ఇనకుండ లోపలికొచ్చిండట. దగ్గుకుంట "గొట్టమేదమ్మా?" అని అడిగిండట. ఎనుకున్న కాంట్రాక్టర్ మనిషి "ఇచ్చినం సార్, వీళ్లే అమ్ముకున్నరు" అన్నడట.

"గా మాట ఇంటె నాకు మండింది అవ్వా" అన్నది అక్క. మా ఊరికిచ్చిన బావ చెల్లెలు పొద్దుగాల్నే బస్సుల వాళ్ల ఊరికి పోయి మా వాడ ముచ్చటంత చెప్పిందని, సారు రాకముందే తనకు ఎర్కయిందని అన్నది. "నేను అమ్ముకోలే సారూ, నా గొట్టం మా అవ్వ ఇంట్ల ఉన్నది, నిన్న దాని పక్కనే నిలవడి మీరు ఫోటో దిగిన్రు అన్న."

అక్క ఏడ్సుడు షురూ చేసింది. "నిన్ను దొంగను చేసిన్నేమో అవ్వా. సారు మా ఊర్ల మిగిలిన ఇండ్లు జూసి ఇటే వస్తుండు, ముందుగాల చెప్తామని వచ్చిన."

అవ్వ సంటిపిల్లను ఒళ్లెకు తీసుకున్నది. "పొయ్యి ముట్టియ్యి" అన్నది నాతోని.

జీపు వచ్చింది. సారు దర్వాజల ఆగిండు. మండే పొయ్యిని, అక్కను, గొట్టాన్ని జూసిండు. నిన్నటి నవ్వు లేదు. "ఈ గొట్టం ఎవరిదమ్మా?" అని అడిగిండు.

"గది మీరే చెప్పాలె సారూ" అన్నది అవ్వ. "పైసలిచ్చింది మీరు. నాకు తెలిసిందొక్కటే, ఇద్దరు బిడ్డలున్న తల్లికి ఒక్క గొట్టం సాలదు."

సారు బయటికి పోయి కాంట్రాక్టర్ మనిషిని ఏమన్నడో మాకు ఇనవడలే, గని ఆ రెండు గొట్టాలు పొద్దుగూకకముందే మా వాడకు మళ్లొచ్చినయ్. అక్క ఇంటికి గొట్టం రానీకి ఇంకో ఎండకాలం పట్టింది. అందాక అక్క ఎప్పుడొచ్చినా అవ్వ ఆమెను పని ముట్టనియ్యకపోయేది. పొయ్యి ముంగట పీటేసి, "గీడ కూసో బిడ్డా, జర ఊపిరి తీసుకో" అనేది.