సంజీవరావుగారి రివర్స్ గేరు

సంజీవరావుగారు గుణదల మాతకు మొక్కుకున్నారనీ, బతికున్నంత కాలం వెనకడుగు వెయ్యనని మాటిచ్చారనీ, అందుకే కారులో రివర్స్ గేరు పీకించేశారనీ భవానీపురంలో చెప్పుకుంటారు. మొక్కుల మీద నమ్మకం లేనివాళ్లు ఇంకోటి చెబుతారు. ఆయన పిసినారి, గేరు రాడ్డుకి వేసే బొటనవేలంత బుష్షులు కొనడానికి చేతులు రాక కారును ఊరిచేత తోయిస్తాడని. ఏది నమ్మినా నమ్మకపోయినా, ఆయన కారు వెనక్కి నడపడం మాత్రం ఎవరూ చూడలేదు.

నేను వాళ్లింట్లో వంటకి సాయం చేస్తాను. నాకు మాటలు తక్కువ. అందుకని నా ముందు అందరూ ధైర్యంగా మాట్లాడేస్తారు. ఆ ఇంటి సంగతులు నాకు తెలిసినన్ని ఇంకెవరికీ తెలియవు.

ఆయన థర్మల్ స్టేషన్లో ఇంజనీరుగా పనిచేసి రిటైరయ్యారు. తోటివాళ్లంతా ఫ్లాట్లు కొనుక్కుంటే ఈయన పాత స్పోర్ట్స్ కారు కొన్నారు. ఎర్రది, ఇద్దరికే చోటు, పైన గుడ్డ టాపు. నేల మీద పరిచినట్టుంటుంది. దిగాలంటే ముందు ఒక చెయ్యి నేలకి ఆనించాలి. గేరు రాడ్డుకీ గేరు బాక్సుకీ మధ్య కడ్డీలుంటాయట. అవి కలిసే చోట చిన్న గాజుల్లాంటి బుష్షులు. అవి అరిగిపోతే రాడ్డు ఖాళీ కుండలో పప్పుగుత్తిలా ఊగుతుంది.

"ముందుకి పోయే గేర్లు వెతికితే దొరుకుతాయమ్మా. రివర్స్ మాత్రం ఎంత వెతికినా దొరకదు" అంటారాయన, రాడ్డు ఊపి చూపిస్తూ.

ఒకసారి కాఫీపొడి కోసం గవర్నర్‌పేట వెళ్లారు. కొట్టు కాస్త దాటిపోయింది. వెనక్కి తీయలేరు కాబట్టి ముందుకే పోయి, ఏలూరు రోడ్డెక్కి, ఊరంతా చుట్టి మళ్లీ వచ్చారు. ఈసారి కూడా దాటిపోయింది. మధ్యాహ్నానికి ఇల్లు చేరారు.

"కాఫీపొడి ఏదండీ?" అంది ఆయన భార్య తెరేసమ్మగారు.

"కొట్టు చూశాను."

"చూసి?"

"బాగుంది."

పెట్రోలు బంకులో "కొంచెం వెనక్కి సార్" అంటే, "పైపు కొంచెం ముందుకి లాగు నాయనా" అంటారు. ఒకసారి ఇరుకు రోడ్డులో లారీ ఎదురొచ్చింది.

"వెనక్కి తియ్యండి పెద్దాయనా."

"నాకు రివర్స్ లేదు బాబూ."

"నాకుంది కానీ వెనకాల బస్సుంది."

"బస్సుకుంటుందిగా."

ఆ పూట ఈయన ఒక్కరి కోసం వెనక్కి జరుగుతూ జరుగుతూ బళ్ల వరస బ్యారేజీ దాకా పోయిందని మా సందులో ఇప్పటికీ అంటారు. నేను చూడలేదు కానీ నమ్ముతాను.

మా సందు అవతల మూసుకుపోయి ఉంటుంది. చివరి ఇల్లు వాళ్లది. సాయంత్రం కారు ముక్కు ముందుకి పెట్టి లోపలికి వస్తుంది. తిప్పడానికి చోటు లేదు. పొద్దున బయటికి రావాలంటే బానెట్టు పట్టుకుని రోడ్డు దాకా వెనక్కి తోయాల్సిందే.

"రాత్రే వెనకవైపు ముందుగా లోపలికి తోసి పెట్టుకుంటే పొద్దున హాయిగా పోవచ్చు కదండీ" అన్నారొకరు.

"సాయంత్రానికి తోసేవాళ్లు అలిసిపోయుంటారండీ" అన్నారాయన.

తోసేవాళ్లంటే, సందు మొదట్లో కూలి పిలుపు కోసం నిలబడి, ఆ పూట ఎవరూ పిలవనివాళ్లు. వాళ్లతోపాటు మా నాన్న. తోయడం అయ్యాక కారు రోడ్డు మీదే వదిలేసి అందరూ ఆయన అరుగు మీదికి వస్తారు. నేను పెసరట్లు పోస్తాను. "కష్టపడ్డారు, చేతులు కడుక్కోండి" అంటారు సంజీవరావుగారు. కష్టపడ్డవాడు వద్దని ఎలా అంటాడు?

"ఇన్ని అట్లు పోయించే బదులు రెండు బుష్షులు వేయించుకోవచ్చుగా" అని తెరేసమ్మగారు రోజూ అంటుంది.

"బుష్షుల్లోకి చట్నీ బాగోదు తెరేసా."

మా నాన్న జక్కయ్య లారీ డ్రైవరు. నీటికాసులొచ్చి చూపు పోయింది. వెలుగూ చీకటీ తెలుస్తాయి, అంతే. నా చదువు పదో తరగతితో ఆగింది అప్పుడే. ఆయన గోడవైపు తిరిగి పడుకునేవాడు. చుట్టుపక్కలవాళ్లు ఏదైనా తెచ్చిపెడితే ముట్టేవాడు కాదు. నేను వండినా రెండు ముద్దలు తిని, "పని చెయ్యనోడికి ఇది చాల్లే" అనేవాడు. మనిషి సగమైపోయాడు. అలాంటి ఒక పొద్దున సంజీవరావుగారు మా గుమ్మంలోకి వచ్చారు.

"జక్కయ్యా, బండి వెనక్కి తీయించడం తెలుసా నీకు?"

"లారీ తోలినోణ్ణి అడిగే మాటేనా సారూ?"

"అయితే లే. మనవాళ్లకి తోయడం వచ్చు, ఎటు తోయాలో రాదు. నిన్న కారుని గోడకి రాసేశారు."

"నాకు కళ్లు లేవు సారూ."

"వాళ్లకున్నాయిగా. ఏం లాభం?"

నాన్న లేచి చొక్కా వేసుకున్నాడు. ఒక చెయ్యి బానెట్టు మీద, ఒక చెయ్యి గోడ మీద పెట్టి, గోడకీ కారుకీ మధ్య సందు వేళ్లతో కొలుచుకుంటూ, "రానీ, రానీ, కుడికి కొట్టండి, ఆగు" అని క్లీనరు కేకలు పెట్టాడు. గీత పడకుండా కారు రోడ్డెక్కింది. ఆ తర్వాత పెసరట్టు తిని, "అల్లం తగ్గింది తెరేసమ్మగారూ" అన్నాడు. నాన్న నోట వంక విని ఎన్నాళ్లయిందో. పెనం దగ్గర నేను తల ఎత్తలేకపోయాను.

అప్పట్నుంచి ఆయన రోజూ ఆ కారు కోసమే చొక్కా వేసుకుంటున్నాడు, ఆ కారు కోసమే తింటున్నాడు.

మొన్న శనివారం సాయంత్రం జోయెల్ వచ్చాడు. తెరేసమ్మగారి మేనల్లుడు, ఆటోనగర్‌లో మెకానిక్కు.

"మామయ్యా, మీ పుట్టినరోజుకి రివర్స్ గేరు తెచ్చాను" అంటూ పొట్లం విప్పాడు. లేతు మిషను మీద కోయించిన బుష్షులు.

సంజీవరావుగారి మొహం పరీక్ష తప్పినవాడి మొహంలా అయిపోయింది. "ఎందుకు నాయనా శ్రమ" అన్నారు.

ఇంటికెళ్లి నాన్నకి చెప్పాను. "మంచిదేగా" అన్నాడు. గోడవైపు తిరిగి, "ఆ చొక్కా మడిచి పెట్లో పెట్టెయ్యి" అన్నాడు. అన్నం వద్దన్నాడు.

ఆదివారం పూజ అయ్యి చర్చి నుంచి రాగానే జోయెల్ కారుని జాకీ మీద లేపాడు. నాన్న కూడా వచ్చి అరుగు మీద కూర్చున్నాడు, చొక్కా లేకుండా, భుజాన తువ్వాలుతో.

"ప్రభువు విశ్రమించిన రోజు నాయనా, పని చేయకూడదు" అన్నారు సంజీవరావుగారు.

"అత్తయ్య రాగానే వంట మొదలెట్టిందిగా మామయ్యా."

"ఎండగా ఉంది."

"నేనుండేది కారు కింద. నీడే."

సన్నగా ఉన్నానని టార్చి పట్టడానికి నన్ను పిలిచాడు. ఇద్దరం కారు కింద దూరాం. జోయెల్ కడ్డీ పట్టుకుని ఊపాడు. కదల్లేదు. గుడ్డతో తుడిచాడు. కడ్డీల కొసల్లో బుష్షులు కొత్తగా, తెల్లగా ఉన్నాయి. చుట్టూ తాజా గ్రీజు.

"మామయ్యా, ఇవి..."

అవతలి వైపు నుంచి సంజీవరావుగారి మొహం కనిపించింది. ఇస్త్రీ పంచెతోనే నేల మీద పడుకుని, చెంప గచ్చుకి ఆనించి, నోటి మీద వేలు పెట్టుకున్నారు. రెండో చేత్తో అరుగు వైపు చూపించారు. జోయెల్ అటు చూశాడు, నా వైపు చూశాడు. నేను టార్చి ఆర్పేశాను.

"ఏమైందిరా?" అంది తెరేసమ్మగారు.

"లైటు పోయిందత్తయ్యా" అంటూ జోయెల్ బయటికి పాక్కుంటూ వచ్చాడు. "కొలత కుదర్లేదు మామయ్యా. ఈ మోడలుకి దొరకవు ఇక."

"అయ్యో" అన్నారు సంజీవరావుగారు. అంత సంతోషంగా అయ్యో అనేవాళ్లని నేనెక్కడా చూడలేదు.

"నా ఖర్మ" అని తెరేసమ్మగారు లోపలికెళ్లి రేపటికి పెసలు నానబోసింది.

తర్వాత వంటింట్లో జోయెల్ ఆయన్ని నిలదీశాడు. "మొదట అరిగినమాట నిజమేరా" అన్నారాయన గుసగుసగా. "కొత్తవి తెప్పించేసరికి జక్కయ్య చొక్కా వేసుకోవడం మొదలుపెట్టాడు. ఎలా చెప్పను?"

"మరి వేయించడం ఎందుకు?"

"కారుకి మాత్రం అన్యాయం చేస్తామా? గుంటూరు తీసుకెళ్లి వేయించా. ఊళ్లో ఎక్కడ రివర్స్ వేసినా సందుకి తెలిసిపోతుందని చుట్టూ తిరుగుతున్నా. ఆ రాడ్డు ఊపీ ఊపీ భుజం నొప్పి."

అట్లకాడ పట్టుకుని నేనక్కడే ఉన్నాను. నా ముందు అందరూ మాట్లాడేస్తారని చెప్పానుగా.

ఇంటికి పోతుంటే నా భుజం పట్టుకుని నడుస్తూ నాన్న అడిగాడు.

"జోయెల్ బాబు ఏమన్నాడే?"

"కొలత కుదర్లేదంట నాన్నా."

"మంచోడు." నాలుగడుగులు నడిచాక మళ్లీ అన్నాడు. "బయట పెట్టేస్తాడేమోనని హడలి చచ్చాను."

నేను ఆగిపోయాను.

"నిరుడు వాన పడ్డ రోజున నేనొక్కణ్ణే పోయానుగా. బురదలో జారతానని ఆయనకి భయం. ఇంజను వేడెక్కాలంటూ స్టార్ట్ చేశాడు. నేను చెయ్యి ఆనించానంతే, బండి దానంతటదే వెనక్కి పోయింది. లారీ తోలినోడికి తెలీదా?"

"మరి సారుతో ఎందుకు అనలేదు?"

"అంటే, నాకు అట్టు పెట్టడానికి ఆయన ఇంకో అబద్ధం వెతుక్కోవాలి. ఈ వయసులో ఎందుకులే పాపం. నేను తోయడం తోస్తానేగా."

ఇంటికి రాగానే అన్నం పెట్టమన్నాడు. చొక్కా పెట్లోంచి తీయమన్నాడు. పొద్దున ఆయన "రానీ, రానీ" అంటుంటే కారు రోడ్డెక్కింది.

ఆ కారుకి రివర్స్ గేరు బాగానే పడుతుంది.