వేర్లు తెల్లబడేదాకా

తడిసిన బొగ్గు వాసన వస్తే చాలు, నాకు సరోజమ్మగారి కిటికీ గుర్తొస్తుంది. ఈ ఉదయం బాల్కనీలో మొక్కలకు నీళ్ళు చల్లుతుంటే ఆ వాసనే లేచింది. మా అమ్మాయి మొదటిసారి ఒక్కతే స్కూటీ మీద కాలేజీకి బయల్దేరి ముప్పావు గంటయింది. పొద్దున పూట ఈ రోడ్డు మీద ఆఫీసు క్యాబ్‌లు ఎలా దూసుకుపోతాయో రోజూ చూస్తున్నదాన్నే. రెండుసార్లు ఫోన్ చేశాను, తీయలేదు.

పదిహేనేళ్ళ కిందట మూడేళ్ళ పిల్లను చంకనేసుకుని గుంటూరు నుంచి ఈ తమిళ నగరపు శివారు షోళింగనల్లూరుకు ఉద్యోగానికి వచ్చినప్పుడు, మా ఎదురు ఫ్లాటు సరోజమ్మగారిది. తరతరాలుగా ఇదే నగరంలో, చూలైలో స్థిరపడిన తెలుగువాళ్ళు; మాటలో అరవం కలిసేది. ఆవిడ నర్సుగా చేసి రిటైరయ్యారు. కిటికీ నిండా బొగ్గు ముక్కలకూ కొబ్బరి పీచుకూ కట్టిన బుల్లి ఆర్కిడ్లు వేలాడుతుండేవి. మొక్కంతా అరచేతిలో ఇమిడేది, పువ్వు చూడాలంటే ముక్కు ఆనించాల్సిందే. మట్టి లేకుండా ఎలా బతుకుతాయని నేను బెంగపడితే నవ్వి, వేర్లు చూపించారు. ఎండితే తెల్లబడతాయి, తడిస్తే పచ్చబడతాయి.

"తెల్లబడినాక పోసేది మా. పచ్చగా ఉంటే ముట్టేదే లేదు. అంతే దా."

వినడానికి ఎంత సులువో. నేనేమో తాళం వేసి మూడంతస్తులు దిగి, మళ్ళీ ఎక్కొచ్చి తాళం లాగి చూసే రకం. అలాంటి నా చేతిలో మొక్కలు పెట్టి, ఆవిడ కంటి ఆపరేషన్‌కని చూలైలో చెల్లెలింటికి మూడు వారాలు వెళ్ళారు. వాటిలో ఒకటి నాలుగేళ్ళుగా పూయనిది, అప్పుడే ఆవగింజంత మొగ్గ తొడిగింది. కట్టు విప్పి ఇంటికొచ్చాక ముందు ఆ పువ్వునే చూస్తానన్నారు.

ఆ మాట నాకు కునుకు లేకుండా చేసింది. లేవగానే ఒకసారి, ఆఫీసుకు వెళ్తూ ఒకసారి, రాగానే చెప్పులైనా విప్పకుండా మరోసారి నీళ్ళు చల్లాను. వేర్లు తెల్లబడే సందు ఇస్తేగా. పన్నెండో రోజున ఆకుల నడుమ నల్ల మచ్చ కనబడింది. భయమేసి ఇంకాస్త చల్లాను. రెండు రోజులకు లేతాకు కుళ్ళి చేతిలోకి ఊడొచ్చింది, మొగ్గ రాలిపోయింది. ఆ సాయంత్రమే ఆవిడ ఫోన్ చేసి అడిగితే, బాగుందండీ అన్నాను. ఆ అబద్ధానికి ఇప్పటికీ సిగ్గుపడతాను.

నల్ల కళ్ళద్దాలతో తిరిగొచ్చి, మొక్కను తడిమి, వాసన చూశారు. చంపేశాను ఆంటీ అని ఏడ్చేశాను. ఆవిడ మొక్కను తిరిగి కొక్కేనికి తగిలించారు. తిట్టినా బాగుండుననిపించింది.

"నీకు భయమైనప్పుడంతా దానికి నీళ్ళు పోసినావు," అన్నారు చివరికి. "దాహం దానికి లేదు మా. నీకు దా ఉండింది."

తరవాత నాచేతే కుళ్ళినదంతా కత్తిరింపించి, కోసినచోట కుళ్ళు పాకకుండా దాల్చినచెక్క పొడి అద్దించి, దాన్ని నా కిటికీకే కట్టించారు. పదిరోజులు ముట్టుకోకుండా ఊరికే చూడమన్నారు. నీళ్ళు చల్లే సీసా తన దగ్గర పెట్టుకున్నారు. ఆ పదిరోజులూ ముళ్ళ మీద కూర్చున్నట్టే గడిపాను. నెలన్నరకు మొదలు దగ్గర గోరంత పిలక వేసింది. అది పెరిగి పూయడానికి మూడేళ్ళు పట్టింది. అప్పటికి సరోజమ్మగారు లేరు. ఆవిడ చూడాల్సిన పువ్వును నేనొక్కదాన్నే చూశాను.

ఆ మొక్కే ఇప్పుడు నా ఎదురుగా ఉంది. ఫోన్ మళ్ళీ నా చేతిలోకి ఎప్పుడొచ్చిందో తెలియదు. అవతల మోగితే తడబడేది బండి నడుపుతున్న పిల్ల. చేరగానే తనే చేస్తానంది కదా. ఫోన్ బోర్లించి పెట్టి, చేతులు ఒళ్ళో పెట్టుకుని, ఆ పచ్చటి వేర్లు ఎప్పుడు తెల్లబడతాయా అని చూస్తూ కూర్చున్నాను.