నాలుగు చోట్ల ఒకే చెయ్యి

మా బిడ్డ చెయ్యి మంచిది. అది పెట్టిన ఉసిరికాయ తొక్కు ఏడాది దాటినా బూజు పట్టేది కాదు. తల్లాడ సంతలో సీసా ముట్టుకునే ముందే ఆడవాళ్లు "ఎవరి చెయ్యి?" అని అడిగేవారు. దాని పేరు చెబితే బేరమాడకుండా పట్టుకుపోయేవారు.

దాని కూతురు, అంటే నా మనుమరాలు, ఇంట్లో కూర్చునే వెబ్‌సైట్లు తయారుచేస్తుంది. తల్లి తొక్కు అమ్మడానికి కూడా ఒక సైటు పెట్టింది. "ఇది మా అమ్మ చేతి తొక్కు" అన్న మాట సీసా బొమ్మ కింద, కొనేవి వేసుకునే బుట్టలో, పైసలు కట్టాక వచ్చే పేజీలో, మెయిల్‌లో కనబడాలి. పిల్ల నాలుగు చోట్లా విడివిడిగా రాసింది. "అడవి ఉసిరి అని గూడ పెట్టు" అని తల్లి చెబితే మూడు చోట్ల మార్చి, ఒకచోట మరిచిపోయింది.

"ఒక్క మాటను నాలుగుసార్లు రాసుడేంది? ఒక్కసారి రాసి అన్నింటికీ వాడుకోరాదా?" అని కసిరాను.

"మా అమ్మ కరెంటే కాదు, మాటలు గూడ పొదుపు జేస్తది" అని నవ్వింది మా బిడ్డ.

పిల్ల అట్లాగే చేసింది. ఆ మాట చెప్పే ఫంక్షన్, అంటే చిన్న కోడు ముక్క, ఒక్కటే రాసి సైటుకు జోడించే ప్లగిన్‌లో పెట్టింది. సైటులో హుక్కులని కొన్ని చోట్లు ఉంటాయట. పేజీ తయారవుతూ అక్కడికి రాగానే, ఆ హుక్కుకు తగిలించిన ఫంక్షన్‌ను పిలుస్తుందట. ఒకే ఫంక్షన్‌ను నాలుగు హుక్కులకూ తగిలించింది. లోపల ఒక్కసారి మారిస్తే నాలుగు చోట్లా మారుతుంది.

వానాకాలంలో మా బిడ్డకు జ్వరం వచ్చింది. ఖమ్మం దవాఖానాకు తీసుకుపోయాం. మళ్లీ ఇంటికి నడిచి రాలేదు.

దినాలయ్యాక పిల్ల సైటు తెరిచింది. సీసాలు ఇంకా ఉన్నాయి. వాటి మీద ఆ మాట నిజమే కాబట్టి నేనేమీ అనలేదు. తొక్కు బాగుందని మీ అమ్మకు చెప్పమని ఎవరో మెయిల్ పెట్టారు. "చెప్తాను" అని జవాబు రాసింది.

చలికాలానికి ఒక్క సీసా మిగిలింది. దానికీ ఆర్డరు వచ్చింది.

"క్యాన్సిల్ చేస్త అమ్మమ్మా. ఇది నేనుంచుకుంట."

"పైసలు కట్టినోళ్లకు లేదంటవా? తినేటందుకు పెట్టింది మీ అమ్మ, చూసుకుంట కూసునేటందుకు కాదు. పెట్టెలో పెట్టు."

పెట్టింది. టేపు అతికించింది. నేను కత్తెర అందించాను.

తరువాత నేను కొత్త తొక్కు పెట్టాను. పిల్ల దాన్ని సైటులో ఎక్కించబోతుంటే ఆపాను.

"ముందు ఆ మాట తియ్యి. ఇది మీ అమ్మ చెయ్యి కాదు."

"లోపల మాట తీస్తే నాలుగు చోట్ల ఒక్కసారే పోతది. ఒక్కొక్క హుక్కు నుంచి మెల్లగ ఇప్పుత, అమ్మమ్మా."

"ఇప్పినన్ని దినాలు అబద్ధం చెప్పి అమ్ముతవా, మీ అమ్మ పేరు మీద?"

పిల్ల ఫంక్షన్ తెరిచింది. ఆ మాట చెరిపి "మా అమ్మమ్మ చేతి తొక్కు" అని కొట్టింది. వద్దన్నాను. నా తొక్కు ఏడాది నిలుస్తుందో లేదో నాకే తెలియదు.

"మరేం రాయాలె?"

"ఏం రాయకు."

అదీ చెరిపేసింది. బొమ్మ కింద ధర ఒక్కటే మిగిలింది. ఫంక్షన్‌ను మాత్రం తీసేయనంది. నేనూ పట్టుబట్టలేదు. ఇప్పటికీ ఎవరైనా కొనబోతే నాలుగు చోట్లా హుక్కులు దాన్ని పిలుస్తాయట. అది వస్తుందట, చెప్పడానికేమీ లేక వెళ్లిపోతుందట.